ఉడుత నోట్లో గుడ్డు

*పెరట్లో తిరిగే జీవాలు ఏం తింటాయో మనకు తెలుసనే అనుకుంటాం. ఆ లెక్క ఎక్కడ తప్పుతోంది? దాని ఫలితం పిచ్చుక ఎందుకు అనుభవిస్తోంది?*

మార్చి నెల ఉదయం. పెరటి జామచెట్టు నడికొమ్మల్లో పికిలిపిట్టల గూడు. అందులో లేత గులాబీ రంగు మీద ఎర్రటి చుక్కలున్న మూడు గుడ్లు. ప్రహరీ మీద నుంచి ఒక ఉడుత చెట్టెక్కుతుంది. తోక ఎగరేస్తూ రెండడుగులు వేసి ఆగుతుంది, మళ్లీ రెండడుగులు. గూటి అంచుకు చేరాక ఇక ఆగదు. ఒక గుడ్డును ముందుకాళ్ల మధ్య ఇరికించుకుని, జామపిందెను తిప్పినట్టే తిప్పి, ఒక కొసన పళ్లతో చిల్లు పెడుతుంది. సొన నాకుతుంటే గడ్డం కింది బొచ్చు తడిసి అంటుకుపోతుంది. పిట్టలు రెండూ అరుస్తూ తల మీదుగా దూసుకుపోతున్నా లెక్కచెయ్యదు. ఖాళీ పెంకు కింద పడీపడగానే రెండో గుడ్డు అందుకుంటుంది. రాముడి వేళ్ల గుర్తులు వీపున మోస్తోందని, సేతువుకు ఇసుక తెచ్చిందని పిల్లలకు చెప్పే ఉడుత ఇదే. పండ్లూ గింజలూ దాని ముఖ్యాహారం అన్నది నిజం. గుడ్లు, పిట్టపిల్లలు, పురుగులు కూడా దాని ఆహారమేనన్నది అంతే నిజం.

ఉడుతల తిండి 2024 చివర్లో ప్రపంచమంతా చర్చకు వచ్చింది. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలోని బ్రియోన్స్ పార్కులో నేలబొరియల్లో ఉండే ఉడుతలను పరిశోధకులు పన్నెండేళ్లుగా గమనిస్తున్నారు. ఆ ఏడాది వేసవిలో అక్కడ వోల్ అనే చిట్టెలుక లాంటి జీవాలు విపరీతంగా పెరిగాయి. జూన్, జులై నెలల్లో ఉడుతలు వోల్‌లతో తలపడిన సందర్భాలు 74 నమోదైతే, వాటిలో 42 శాతం పనిగట్టుకుని వేటాడినవే. పొంచి ఉండడం, వెంటబడడం, మెడ కొరికి చంపడం, తినడం, అన్నీ కెమెరాకు చిక్కాయి. ఆడా మగా, పెద్దా చిన్నా తేడా లేకుండా వేటాడాయి. ఆ వీడియోలు చూసి ముక్కున వేలేసుకున్నవాళ్లే ఎక్కువ. అంతకు ముందు 2023లో జింక ఒకటి పామును సేమ్యాలా నములుతున్న వీడియో మన ఫోన్లలో తిరిగినప్పుడూ ఇదే ఆశ్చర్యం. కోడిపిల్లను మింగిన ఆవు వీడియో వస్తే మాత్రం ఆశ్చర్యంతో పాటు భయం, 'కలికాలం' అన్న మాటా వినిపిస్తాయి.

ఇక్కడ కలికాలం ఏమీ లేదు. ఆ జీవాలు కొత్తగా పాడైపోనూ లేదు. చిన్న తరగతుల్లో నేర్చుకున్న శాకాహారి, మాంసాహారి అన్న గీతలను మనం ప్రకృతి గీసిన గీతలనుకోవడమే అసలు చిక్కు. ఏ జంతువు పళ్లు, పేగులు ఏ తిండికి ఎక్కువ అనువుగా ఉన్నాయో ఆ విభజన చెబుతుంది. దేన్ని అది ముట్టదో చెప్పదు. ప్రతి జీవికీ రోజువారీ తిండి ఒకటుంటుంది, అవసరానికి తినేది వేరే ఉంటుంది. గుడ్లు పెట్టే ముందు, పిల్లల్ని పెంచేటప్పుడు, మేతలో ఏదో లోపించినప్పుడు ఈ రెండో తిండే ప్రాణం నిలుపుతుంది. మన కంటపడేది మొదటిది. పెరట్లోంచి మనం ఊడ్చి పారేస్తున్నది మాత్రం రెండో దాన్ని.

ఆవు ఎముక కొరికితే

ఊళ్లలో పశువులు ఎముకలు కొరకడం, మట్టి నాకడం, గోడలు నాకడం రైతులకు కొత్త కాదు. పశువైద్యులు దీన్ని చూడగానే ఖనిజ లవణ మిశ్రమం రాస్తారు. దాని వెనక వందేళ్ల చరిత్ర ఉంది. దక్షిణాఫ్రికా మైదానాల్లో పశువులు కాళ్లు పడిపోయి గుంపులుగా చచ్చిపోయేవి. ఆర్నాల్డ్ థైలర్ అనే పశువైద్య శాస్త్రవేత్త 1920ల నాటికి అసలు సంగతి తేల్చాడు. ఆ నేలలో భాస్వరం తక్కువ, గడ్డిలోనూ తక్కువే. ఒంట్లో భాస్వరం తగ్గిన పశువులు కళేబరాల ఎముకలు వెతుక్కుని నమిలేవి. కుళ్లిన ఆ ఎముకల్లో ఉండే బొటులినం విషం వాటిని చంపేది. ఎముకల పొడిని మేతతో కలిపి పెట్టడం మొదలెట్టాక కళేబరాల వెంటపడడం తగ్గింది, చావులూ తగ్గాయి. చంపింది విషమే. పశువును దాని దాకా నడిపించింది మాత్రం నేలలోని కొరత.

స్కాట్లండ్‌లోని రమ్ అనే దీవిలో ఎర్రజింకలు సముద్రపక్షుల పిల్లల తలలు కొరికి తింటాయి. షెట్లండ్ దీవుల్లో ఒకటైన ఫౌలాలో గొర్రెలు సముద్రపు పిట్టల పిల్లల కాళ్లూ రెక్కలూ నమిలేస్తాయి. ఎముక ఎక్కువగా ఉండే భాగాలనే ఏరుకుని, మాంసం ఎక్కువున్న ఒంటిని చాలాసార్లు వదిలేయడం గమనించాల్సిన విషయం. అవి ఆకలికి తినడం లేదు, ఖనిజాల కోసం తింటున్నాయని 1988లో వెలువడిన ఒక పరిశీలన తేల్చింది. ఇంకో సంగతి కూడా తోడవుతుంది. గడ్డిలోని పీచును అరిగించుకోవడమే నిజానికి కష్టమైన పని. అందుకు ఆవుకు నాలుగు గదుల పొట్ట, కోట్లాది సూక్ష్మజీవుల సాయం కావాల్సి వచ్చాయి. మాంసాన్ని అరిగించుకోవడం అంతకన్నా సులువు. గడ్డి మేసే జీవికి వేట చేతకాదు గాని, కాళ్ల దగ్గర కదలలేని పిల్ల దొరికితే దాన్ని తినకుండా ఆపే అడ్డు దాని ఒంట్లో లేదు.

ఇదే కొరత పెరట్లోనూ పనిచేస్తుంది. వానాకాలంలో సున్నం వేసిన గోడల మీద పెద్ద నత్తలు పాకిన చోట గీరినట్టు చారలు కనిపిస్తాయి. ఆఫ్రికా నత్త అని పిలిచే ఈ జీవిని 1847లో కలకత్తాలో తెచ్చి వదిలారు. ఇప్పుడది మన బొప్పాయి, కూరగాయ తోటలకు పెద్ద బెడద. గుల్ల పెరగడానికి కాల్షియం కావాలి. ఆకుల్లో చాలినంత దొరకదు కాబట్టి గోడ సున్నాన్ని గీరి తింటుంది. నత్త గోడ మీద ఆధారపడితే, పిట్ట నత్త మీద ఆధారపడుతుంది. నెదర్లాండ్స్ అడవుల్లో గ్రేట్ టిట్ అనే చిన్న పిట్టల గుడ్లు పెంకు పలచబడి పగిలిపోతుంటే కారణం అంతుబట్టలేదు. ఆమ్ల వర్షాలకు నేలలో సున్నం కరిగిపోయి నత్తలు తగ్గిపోయాయని, గుడ్లు పెట్టే రోజుల్లో ఆ పిట్టలు తినే నత్తగుల్లలు దొరకడం లేదని 1994లో బయటపడింది. ఏడాదంతా పురుగులూ గింజలూ పుష్కలంగా ఉన్నా, ఆ కొద్ది రోజుల గుల్లముక్కలు లేక చాలా గూళ్లలో పిల్లలు పుట్టకుండా పోయాయి.

> పూలు వదిలి పేడకు
>
> పూల మీద వాలే సీతాకోకచిలుకలు తడిమట్టి మీద, పశువుల మూత్రం పడ్డ చోట, పేడ మీద గుంపులుగా చేరతాయి. వాటిలో ఎక్కువ మగవే. మకరందంలో చక్కెర ఉంటుంది గాని ఉప్పు దాదాపు ఉండదు. మగది బురదలో పీల్చిన ఉప్పును జతకట్టేటప్పుడు ఆడదానికి అందిస్తుంది, అది గుడ్లలోకి చేరుతుంది. కొన్ని జాతుల మగ సీతాకోకచిలుకలు ఎండిన జనుము మొక్కల మీద కూడా మూగుతాయి. ఆ మొక్కల్లోని చేదు రసాయనాలే ఆడదాన్ని ఆకర్షించే వాసనకు ముడిసరుకు.

గింజల పిట్ట పిల్లకు గింజ పడదు

పిచ్చుక గింజలు తింటుంది. పెద్దపిచ్చుక తిండిలో అధికభాగం గింజలే కాబట్టి ఇది తప్పు మాట కాదు. అందుకే కోతలయ్యాక చూరుకు వరికంకుల కుచ్చులు కట్టే ఆచారం మన పల్లెల్లో నిలిచింది. గుళ్లలోనూ కుచ్చులు వేలాడదీస్తారు. ఆ ఆచారంలో ఉన్న దయ గొప్పది. కాని గుడ్డు పగిలి బయటికొచ్చిన పిచ్చుకపిల్ల ఆ కంకి మీద ఒక్కరోజు కూడా బతకలేదు. దాని ఒంటి మీద ఈక ఉండదు, పొట్ట గింజను అరిగించుకోలేదు. రెండు వారాల్లో అది ఎగిరేంత పెద్దది కావాలి. కండ, ఈక, ఎముక అన్నీ ఆ పది పదిహేను రోజుల్లోనే ఏర్పడాలి. అంతటి పెరుగుదలకు ప్రొటీన్ కావాలి. కాబట్టి తల్లీతండ్రీ రోజంతా తిరిగి గొంగళిపురుగులు, పేనుబంక, మిడతపిల్లలు, సాలీళ్లు ఏరుకొస్తాయి. మెత్తటి పురుగు నోట్లో పడ్డాకే పిల్ల మెడ దించుతుంది. తాటాకు కొసన గూడు అల్లే గిజిగాడు కూడా గింజలు తినేదే, పిల్లల్ని పెంచేది మాత్రం మిడతలతో, పురుగులతో. మందారం దగ్గర రెక్కలాడించే తేనెపిట్ట సంగతీ అంతే. తాను తేనె తాగి పిల్లల నోట్లో సాలీళ్లు పెడుతుంది.

ఈ సూత్రం మనకు బాగా తెలిసిన ఇంకో జీవిలో రోజూ కనిపిస్తూనే ఉంది. దోమకు రోజువారీ తిండి మొక్కల తీపిరసం. మగదోమ జన్మలో నెత్తురు ముట్టదు. ఆడదోమ కుట్టేది గుడ్లకు కావాల్సిన ప్రొటీన్ కోసం. దోమ నెత్తురు ఎందుకు తాగుతుందో అర్థమైతే పిచ్చుక పురుగు ఎందుకు వెతుకుతుందో కూడా అర్థమవుతుంది. రెంటికీ అవసరం ఒకటే, తర్వాతి తరం.

పెద్దపిట్ట తిండిని మాత్రమే చూసి నిర్ణయం తీసుకుంటే ఏమవుతుందో చైనా చరిత్ర చెబుతుంది. 1958లో అక్కడి ప్రభుత్వం ఎలుకలు, ఈగలు, దోమలతో పాటు పిచ్చుకలనూ దేశానికి శత్రువులుగా ప్రకటించింది. పిచ్చుకలు ధాన్యం తినేస్తున్నాయన్నది అభియోగం. జనం వీధుల్లోకి వచ్చి పళ్లేలూ డబ్బాలూ మోగించారు. ఎక్కడా వాలనివ్వకపోతే పిట్టలు ఎగిరి ఎగిరి అలసి రాలిపోయాయి. గూళ్లు పీకేశారు, గుడ్లు పగలగొట్టారు. పక్షిశాస్త్రవేత్త జెంగ్ జువోషిన్ వందలాది పిచ్చుకల పొట్టలు కోసి పరిశీలించాడు. వాటి తిండి కాలాన్ని బట్టి మారుతుందని, పిల్లల్ని పెంచే రోజుల్లో అవి ఏరేది పంట పురుగులనేనని చూపించాడు. 1960లో పిచ్చుకను ఆ జాబితాలోంచి తీసి దాని చోట నల్లిని చేర్చారు. ఆ సంవత్సరాల మహాక్షామానికి ప్రధాన కారణాలు ప్రభుత్వ విధానాలే. అయినా పిట్టలు లేని పొలాల్లో పురుగులు పెరిగి ఆ విపత్తుకు తోడయ్యాయి. ఒక పక్షి తిండి గురించి సగమే తెలుసుకుని ఒక దేశం ఇంత పని చేసింది.

మనం పిచ్చుకను శత్రువు అనడం లేదు, ప్రేమిస్తున్నాం. కాని తెలిసిన లెక్క మాత్రం ఆ సగమే. నగరంలో అపార్ట్‌మెంట్ బాల్కనీకి చెక్క గూడు తగిలిస్తారు, పక్కన గింజల పళ్లెం పెడతారు. కింద తోటలో గడ్డిని నేలమట్టంగా కత్తిరిస్తారు, గోరింట కంచె మీద నెలనెలా పురుగుమందు కొట్టిస్తారు, రాలిన ఆకును ఊడ్చి కాల్చేస్తారు. గూటిలో గుడ్లు పడతాయి, పిల్లలూ పుడతాయి. పెట్టడానికి తల్లికి పురుగు దొరకదు. ఇంగ్లండ్‌లోని లెస్టర్ నగరంలో పిచ్చుక గూళ్లను వరసగా పరిశీలించి 2008లో ప్రచురించిన అధ్యయనంలో ఇదే తేలింది. పురుగులు తక్కువున్న చోట్ల, మొక్కల తిండి ఎక్కువ పెట్టాల్సి వచ్చిన గూళ్లలో పిల్లలు బక్కచిక్కి గూట్లోనే చనిపోతున్నాయి.

మరి పావురం ఎలా పెరిగింది?

నగరమే పిట్టలకు పడకపోతే పావురాలు ఎందుకు ఇంతగా పెరిగాయన్న ప్రశ్న న్యాయమైనదే. సమాధానం కూడా తిండిలోనే ఉంది. పావురం పిల్లకు పురుగు అక్కర్లేదు. పిల్లలు బయటికొచ్చే వేళకు తల్లికీ తండ్రికీ గొంతు కింది తిత్తిలో లోపలి పొర మందంగా పెరిగి, జున్నుముక్కల్లా రాలుతుంది. ప్రొటీన్, కొవ్వు నిండిన ఆ పదార్థాన్నే పావురం పాలు అంటారు. మొదటి కొద్ది రోజులు పిల్ల ఆహారం అదొక్కటే. తల్లీతండ్రీ గింజలు తిని, ఆ గింజలతోనే పిల్లకు పాలు తయారుచేస్తాయి. కాబట్టి మనం చల్లే ప్రతి దోసెడు జొన్నలూ నేరుగా పావురం పిల్లలవుతాయి. పిచ్చుక పిల్లలు కావు.

హైదరాబాద్ మక్కా మసీదు ముందు జొన్నలు చల్లే దృశ్యం, ముంబయిలో పావురాలకు గింజలు చల్లే కబూతర్‌ఖానాలు భక్తితోనూ దయతోనూ ఏర్పడినవే. పావురాల రెట్ట పొడి పీల్చడం వల్ల కొందరికి ఊపిరితిత్తుల జబ్బు వస్తుందని వైద్యులు హెచ్చరించారు. 2025 జులైలో ముంబయి నగరపాలక సంస్థ కబూతర్‌ఖానాలను మూయించడం, జనం వీధికెక్కడం, వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లడం చూశాం. ఆ తగవులో ఎవరి మనసూ నొప్పించాల్సిన పని లేదు. భారత పక్షుల స్థితిగతులపై 2023లో వెలువడిన నివేదిక బాగా పెరుగుతున్న పక్షుల్లో పావురాన్ని చేర్చింది. పిచ్చుక దేశం మొత్తం మీద దాదాపు నిలకడగా ఉంది గాని పెద్ద నగరాల్లో తగ్గిందని 2020 నాటి నివేదిక చెప్పింది. దానం ఒకరి కడుపు నింపి ఇంకొకరికి అందకుండా పోతోందంటే, దాత చూడాల్సింది గింజల పరిమాణం కన్నా ఎవరి పిల్లలు ఏం తింటాయన్నదే.

> ముగ్గుపిండి ఎవరు తింటారు?
>
> వాకిట్లో వేసిన బియ్యప్పిండి ముగ్గును చీమలు మోసుకుపోతాయి. మోసే చీమ ఆ పలుకును మింగలేదు. దాని గొంతులో జల్లెడ వంటి అమరిక ద్రవాన్నే లోపలికి పోనిస్తుంది. చాలా జాతుల్లో గట్టి తిండి పుట్టలోని పిల్లపురుగులకు చేరుతుంది. వాటికి దాన్ని అరిగించుకునే శక్తి ఉంది. కొన్ని జాతుల్లో అవి అరిగించాక ఊరిన రసాన్ని పెద్దచీమలు తాగుతాయి. రాతిముగ్గుకు ఈ లాభం లేదు.

> కారం తెలియని ముక్కు
>
> మిరప తోటలో చిలుకలు పండుమిరపకాయలు కొరికి తినడం గుంటూరు రైతుకు తెలుసు. పక్షి నాడుల్లో కారాన్ని పసిగట్టే గ్రాహకం మిరప ఘాటుకు స్పందించదని 2002లో డేవిడ్ జూలియస్ బృందం చూపింది. ఆయనకు 2021లో నోబెల్ వచ్చింది. ఎలుక కొరికితే విత్తనం నలిగిపోతుంది, పిట్ట మింగితే చెక్కుచెదరకుండా దూరం వెళ్తుంది. మిరపకు పిట్టే కావాలి. మనకూ పశువులకూ విషమైన పచ్చగన్నేరు కాయలను కోకిల తింటుంది.

అభ్యంతరాలు

ఇవన్నీ ఎక్కడో ఒకటి రెండు సంఘటనలు, వాటిని పట్టుకుని సూత్రం చెప్పవచ్చా అని అడగవచ్చు. అరుదుగా కనిపించడం వేరు, అరుదుగా జరగడం వేరు. అమెరికాలో గడ్డిభూముల పిట్టల గూళ్ల దగ్గర పరిశోధకులు కెమెరాలు పెట్టినప్పుడు పిల్లల్ని తింటున్న జీవుల్లో జింకలు, నేలఉడుతలు బయటపడ్డాయి. అంతదాకా అనుమానం నక్కల మీద, పాముల మీదే ఉండేది. మనిషి నిలబడి చూస్తుంటే జింక గూటి దగ్గరికి రాదు. మన దేశంలో పాతగుళ్ల మండపాల్లో వేలాడే ఒక రకం పెద్ద గబ్బిలం కప్పలు, బల్లులు, ఎలుకలు, చిన్నపిట్టలను కూడా పట్టి తింటుందని తెలిసింది ఎక్కువగా అది వేలాడే చోటు కింద పడున్న కాళ్లు, రెక్కల ముక్కల వల్లే. పండ్లు తినే గబ్బిలాలు ఆకులు నమిలి, రసం పీల్చి పిప్పి ఉమ్మేస్తాయి. పండులో లేని ప్రొటీన్ వాటికి ఆకులో దొరుకుతుంది.

ఉడుత గుడ్లు తింటుంది కాబట్టి తరిమేయాలా అన్నది రెండో ప్రశ్న. అక్కర్లేదు. గుడ్లు పోయిన పికిలిపిట్ట కొద్ది రోజుల్లో మళ్లీ గూడు కడుతుంది. ఆ నష్టాన్ని తట్టుకునే తీరు ఆ జాతికి అలవడి ఉంది. ఉడుత కూడా జెర్రిపోతుకూ డేగకూ తిండే. పిట్టలు తట్టుకోలేనిది నెలనెలా కొట్టే పురుగుమందునే.

మూడో అభ్యంతరం బలమైనది. పిచ్చుకలు తగ్గడానికి పురుగుల కొరత ఒక్కటే కారణమా? కాదు. పెంకుటిళ్ల చూర్లు పోయి అద్దాల గోడలు వచ్చాయి, గూటికి చోటు లేదు. సెల్ టవర్లే కారణమన్న ప్రచారానికి మాత్రం గట్టి ఆధారం దొరకలేదు. లండన్‌లో పిచ్చుకల కాలనీల దగ్గర కొన్నేళ్లు పురుగులు పెట్టి చూసిన ప్రయోగంలో గూళ్లలో బతికి బయటపడ్డ పిల్లల సంఖ్య పెరిగింది. కాని పెద్దపిచ్చుకల జనాభా ఆ మేరకు పెరగలేదు. ఎగిరిన పిల్ల తర్వాత బతకడానికి ఇంకా చాలా కావాలి. ఈ ఫలితాన్ని దాచాల్సిన పని లేదు, పురుగు ఉంటే చాలదన్నది నిజమే. గూటిలోనే చనిపోయే పిల్లకు మాత్రం మిగతా కారణాల దాకా వెళ్లే అవకాశమే లేదు. మొదటి మెట్టు అదే కాబట్టి మొదట సరిచెయ్యాల్సిందీ అదే.

పురుగుల్ని వదిలేస్తే దోమలూ పెరుగుతాయి, డెంగీ వస్తే ఎవరు పూచీ అన్నది నాలుగోది. డెంగీ దోమ పెరిగేది కూలర్లలో, పూలకుండీల కింది పళ్లేల్లో, పాత టైర్లలో నిలిచిన నీటిలో. వారానికొకసారి ఆ నీళ్లు పారబోయాలని మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 'ఫ్రైడే డ్రైడే' పేరుతో ప్రచారం చేస్తున్నది అందుకే. నీళ్లు పారబోస్తే దోమపిల్లే చస్తుంది, పేనుబంకకూ గొంగళికీ ఏమీ కాదు. పొగమందుకు ఆ విచక్షణ లేదు, ఎదురైన ఎగిరే పురుగులన్నిటి మీదా పడుతుంది.

పెరట్లో ఏం మార్చాలి

చెయ్యాల్సినవి పెద్ద పనులేమీ కావు. కరివేపాకు మొక్క మీద పిట్టరెట్టలా కనిపించేది నిజంగా రెట్ట కాకపోవచ్చు. అది నిమ్మజాతి సీతాకోకచిలుక గొంగళి, చిన్నతనంలో తినేవాళ్ల కళ్లు కప్పడానికి ఆ వేషం. కాస్త పెరిగాక పచ్చగా మారి ఆకుల్లో కలిసిపోతుంది. గుడ్డులోంచి బయటికి రాగానే అది మొదట తినేది తన గుడ్డు పెంకునే. ఎదిగిన చెట్టుకు ఆ నాలుగు పురుగులు తినే ఆకు ఒక లెక్క కాదు. మరీ లేతమొక్క అయితే చేత్తో తీసి పక్కనున్న నిమ్మచెట్టు మీద వెయ్యవచ్చు. రాలిన ఆకును ఒక మూల పోగుచేస్తే సాలీళ్లు చేరతాయి. కుళాయి కింద నాలుగడుగుల మేర సిమెంటు లేకుండా వదిలితే సీతాకోకచిలుకకు తడిమట్టి దొరుకుతుంది. గుడ్లు వాడాక పెంకులు వేడిచేసి, చిదిపి గోడ మీద పెడితే గుడ్లు పెట్టే పిట్టలకు సున్నం అందుతుంది.

అపార్ట్‌మెంట్లలో, కాలనీ పార్కుల్లో ఈ నిర్ణయం ఒక్కరి చేతిలో ఉండదు. మొక్కలకు మందు కొట్టే కాంట్రాక్టు ఏడాదికోసారి కుదురుతుంది, క్యాలెండర్ ప్రకారం మనిషి వచ్చి కొట్టిపోతాడు. పురుగు పట్టిందా లేదా అని ఎవరూ చూడరు. సంఘం సమావేశంలో ఆ కాంట్రాక్టు కాగితం తీసి, నెలనెలా అన్న మాట కొట్టేసి, చీడ కనిపించిన మొక్కకు మాత్రమే అని రాయించవచ్చు. మార్చి 20న ప్రపంచ పిచ్చుకల దినోత్సవం జరిపే సంఘాలు, గూళ్ల పెట్టెలు పంచే బడులు, ఆ రోజు కార్యక్రమంలో ఈ ఒక్క పనిని కూడా చేర్చుకోవాలి. పెట్టె తగిలించిన గోడకు ఎదురుగా ఉన్న మొక్కల మీద మందు ఎప్పుడు కొట్టారో అడిగి తెలుసుకోవాలి. గూటిలో పిల్లలుండే ఆ రెండు వారాలైనా ఆపించాలి.